కప్పు లేని ఇంటికి స్టేటస్ కో

'స్టేటస్ కో' అన్న మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. నల్లకోటు విప్పేసి ఇంట్లో కూర్చున్నా మండుతుంది.

మొన్న కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన అమ్మాయి ఒకతె స్వీటు డబ్బా పట్టుకుని ఉప్పల్‌లో మా ఇంటికి వచ్చింది. "మేడం, ఫస్ట్ కేసుల్నే సెంట్రల్ గవర్నమెంట్ మీద స్టేటస్ కో తెచ్చిన!" అని మురిసిపోయింది. స్వీటు తీసుకున్నాను. నోట్లో వేసుకోకముందే, "ఆర్డరు ఇచ్చే టైముకు అక్కడ ఏ స్టేటస్ ఉందో కనుక్కున్నావా?" అని అడిగాను. పిల్ల తెల్లమొహం వేసింది. పాపం, సంతోషంగా వచ్చిన మనిషిని ఏడిపించి పంపాను. ఆ తెల్లమొహం గుర్తొచ్చే, ఆమెలాంటి చిన్న లాయర్ల కోసం ఇది రాస్తున్నాను.

నా ప్రాక్టీసంతా కేంద్ర ప్రభుత్వ శాఖల మీద రిట్లు వేయడంలోనే గడిచింది. ఒక ప్రభుత్వ ఆఫీసు చేసిన పని చట్టానికి విరుద్ధమని నేరుగా హైకోర్టుకు వెళ్లి చెప్పుకోవడమే రిట్. లా కాలేజీలో ఇది మహా గంభీరంగా చెబుతారు. రాజ్యాంగం, ప్రాథమిక హక్కులు, సహజ న్యాయం. అన్నీ నిజమే. అవి పుస్తకాల్లో చదువుకోండి. పుస్తకాల్లో లేనిది చెప్పడానికి నాకు ఒక్క యాదమ్మ కేసు చాలు.

గిర్ని

యాదమ్మది నాచారం. అపార్ట్‌మెంట్ల నాచారం కాదు, వాటి వెనక ఇరుకు సందుల్లో మిగిలిన పాత ఊరు. ముందు గదిలో పిండి గిర్ని, వెనక గదిలో కాపురం. చుట్టుపక్కల కాలనీల వాళ్లందరికీ పిండి, కారం, పసుపు ఆమే పట్టిచ్చేది. నేనూ ఏటా కారం అక్కడే పట్టించేదాన్ని. భర్త మల్లేశం ఒక కంపెనీలో వాచ్‌మన్. బతుకంతా ఆ గిర్ని మీదే.

ఆ ఇంటి వెనక ఒక కేంద్ర శాఖ వాళ్ల డిపో గోడ. శాఖ పేరు రాయను. రాస్తే మిగతా శాఖలు మంచివనుకుంటారు.

ఒకరోజు నేను కారం డబ్బాతో వెళితే గిర్ని ఆపేసి ఉంది. యాదమ్మ గడప మీద కూర్చుని ఒక నోటీసును అటూ ఇటూ తిప్పుతోంది.

"ఇది జర సూడుండ్రి మేడం. నా ఇల్లు ఆళ్ల జాగల ఉన్నదంట."

చూశాను. కేంద్ర ప్రభుత్వ స్థలాన్ని ఆక్రమించుకున్నావు, ఎందుకు ఖాళీ చేయించకూడదో వచ్చి చెప్పుకో అని ఉంది. విచారణకు నేనూ తోడు వస్తానన్నాను. ఆ రోజు కారం పట్టించకుండానే తిరిగొచ్చాను.

టీ తెచ్చేది ఒకే మనిషి

ఇలాంటి ఆక్రమణలు తీసేయడానికి ఒక కేంద్ర చట్టం ఉంది. దాని కింద విచారణ జరిపేవాణ్ని ఎస్టేట్ ఆఫీసర్ అంటారు. ఆయన ఎవరనుకున్నారు? ఆ శాఖ ఉద్యోగే. మేం వెళ్లిన రోజు చూశాను. నోటీసు రాసిన మనిషి పక్క గదిలో ఉన్నాడు, తీర్పు చెప్పాల్సిన మనిషి ఈ గదిలో ఉన్నాడు, ఇద్దరికీ టీ తెచ్చేది ఒకే మనిషి. చట్టం దీన్ని ఒప్పుకుంటుంది. నేను ఈనాటికీ ఒప్పుకోలేదు.

"నీ పేరున డాక్యుమెంట్ ఏమైనా ఉందా?" అని అడిగాడాయన.

"ఇంటిపన్ను కట్టిన రసీదులున్నయి సార్. కరెంటు బిల్లున్నది."

"అవి కాదమ్మా. పట్టా గానీ, రిజిస్ట్రేషన్ కాయితం గానీ."

"గ్రామకంఠంల పట్టాలు ఎవలికుంటయి సార్? మా మామ తాతల కాలంకెళ్లి ఊరు గాన్నే ఉన్నది. మీ గోడే తర్వాత వచ్చింది."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పూర్వం ఊరి జనం ఇళ్లు కట్టుకున్న జాగాను గ్రామకంఠం అంటారు. పొలాలకు పట్టాలుంటాయి కానీ గ్రామకంఠంలో ఇంటింటికీ పట్టా ఉండదు. హైదరాబాదు చుట్టూ కలిసిపోయిన ప్రతి ఊళ్లోనూ ఇదే సంగతి. ఆ ఆఫీసరు వేరే రాష్ట్రం నుంచి బదిలీ మీద వచ్చినవాడు. గ్రామకంఠం అన్న మాట ఎప్పుడూ విన్నట్టు లేడు. తెలియదని చెప్పి అడిగినా నేను గౌరవించేదాన్ని. ఆయన తల ఊపి, "సరే, పరిశీలిస్తాం" అన్నాడు.

చిన్నవాళ్లారా, ఈ 'పరిశీలిస్తాం' విని సంతోషపడి బయటికి రాకండి. ఆఫీసర్ల ముందు నోటితో చెప్పింది ఏదీ చెప్పినట్టు కాదు. సర్వే చేయించి హద్దు తేల్చండి అని నేను ఒక జవాబు రాసి తీసుకెళ్లాను. తీసుకోనన్నారు. తీసుకునేదాకా కదలనని బల్ల ముందు కూర్చున్నాను. ఆఖరికి విసుగెత్తి, అందినట్టు ముద్ర వేసి ఒక కాపీ నా మొహాన పడేశారు. మొహాన పడేస్తే పడేశారు, ఆ ముద్ర లేకపోతే యాదమ్మ కేసు నిలబడేది కాదు.

లంచ్ మోషన్

ఆ తర్వాత చాలాకాలం చప్పుడు లేదు. ఒకరోజు పొద్దున్నే యాదమ్మ ఫోన్. వెనక ఇంజను రొద.

"మేడం, జేసీబీ వచ్చింది! రేకులు పీకుతున్నరు! పోలీసులు గూడ వచ్చిన్రు!"

"ఆర్డరేదైనా ఇచ్చారా?"

"ఏం ఇయ్యలే. గేటుకు అంటిచ్చినమంటున్నరు."

ఏ గేటుకు? యాదమ్మ ఇంటికి గేటే లేదు. డిపో గేటుకు. వాళ్లిచ్చిన ఆర్డరును వాళ్ల గేటుకే అంటించుకుని, ఆమెకు అందినట్టు రాసుకున్నారు. దాని మీద జిల్లా కోర్టుకు అప్పీలు చేసుకునే గడువు కూడా ఆ గేటు మీదే అయిపోయింది. ఇంతటి తెలివి ప్రజలకు ఉపయోగపడే పనిలో చూపిస్తే దేశం ఎక్కడికో పోయేది.

అంత అర్జంటు కేసును మధ్యాహ్న విరామం తర్వాత వినమని జడ్జి అనుమతి తెచ్చుకుంటాం. దాన్నే లంచ్ మోషన్ అంటాం. టైపిస్టు పక్కన నిలబడి అఫిడవిట్ చెప్పి కొట్టించాను. వాదన నేనే చేస్తానన్నాను. మల్లేశం ఒప్పుకోలేదు. బస్తీ పెద్దలు కూడా ఫోన్లో ఒకటే పోరు.

"మీరు గూడ ఉండుండ్రి మేడం. కానీ పెద్ద లాయరు నిలవడితె జడ్జి ఇంటడంట" అన్నాడు మల్లేశం.

సరే, ఒక సీనియర్ గారిని మాట్లాడాం. నిజంగానే పెద్దాయన. చట్టం ఆయన నాలుక చివర ఉండేది. ఫైలు మాత్రం కోర్టు హాలుకు నడుస్తూ చదివేవారు. రేకులు పీకేశారన్న సంగతి మెట్లెక్కుతుండగా నేను చెవిలో చెప్పాను. తలూపారు.

కేసు పిలిచారు. కేంద్ర ప్రభుత్వం తరఫు లాయరు లేచి, "ఇన్‌స్ట్రక్షన్స్ లేవు మిలార్డ్, టైం కావాలి" అన్నాడు. జడ్జి గారు మంచివారే. కాయితాలు తిరగేసి, "సరే, ఈలోగా స్టేటస్ కో ఇస్తాను" అన్నారు.

స్టేటస్ కో అంటే ఉన్నది ఉన్నట్టు ఉంచడం. ఇరుపక్షాలూ ఏమీ మార్చకూడదు. ఆ క్షణానికి నాచారంలో యాదమ్మ ఇంటి మీద ఒక్క రేకు లేదు. ఉన్న రేకులన్నీ ట్రాక్టరెక్కి డిపో లోపలికి పోయాయి. నేను సీనియర్ గారి గౌను పట్టుకుని లాగాను. "సార్, కప్పు లేదు. రేకులు వెనక్కి ఇప్పించమనండి, కప్పుకోవచ్చని రాయించండి" అన్నాను. ఆయన ఈగను తోలినట్టు చెయ్యి వెనక్కి ఊపి, జడ్జికి వంగి నమస్కరించి, "మచ్ ఆబ్లైజ్డ్" అన్నారు. అయిపోయింది.

వరండాలో పట్టుకున్నాను. "ఉన్నది ఉన్నట్టు ఉంచమంటే కప్పు లేకుండా ఉంచమనే కదా సార్!"

"ఏమ్మా, అడగ్గానే ఇచ్చాడు కదా. ఇంకా సాగదీస్తే ఉన్నదీ పోయేది. రేపు మాడిఫికేషన్ వేసుకో" అని ఇంకో కోర్టు హాల్లోకి వెళ్లిపోయారు.

మల్లేశం ఫోన్లో అందరికీ గెలిచినమని చెబుతున్నాడు. నాకు ఆ వరండాలోనే గట్టిగా అరవాలనిపించింది. కోర్టులో మీరు అడగాల్సింది 'స్టే' కాదు, 'స్టేటస్ కో' కాదు. మీ క్లయింటు ఇంట్లో ఆ రాత్రి ఏం జరగాలో ఆ పనిని మామూలు మాటల్లో అడగండి. కూల్చకూడదు, ఖాళీ చేయించకూడదు, తీసుకెళ్లినవి తిరిగి ఇవ్వాలి, బాగు చేసుకోనివ్వాలి. లాటిన్ మాట వింటే చదువుకున్న కళ ఉంటుంది. వాన పడితే అది అక్కరకు రాదు.

"ఇన్‌స్ట్రక్షన్స్ రాలేదు"

ఆర్డరును మార్చి రాయమని మర్నాడే మాడిఫికేషన్ పిటిషన్ వేశాను. అది వినడానికి వచ్చినప్పుడల్లా కేంద్రం లాయరు లేచి అదే మాట: శాఖ నుంచి ఇన్‌స్ట్రక్షన్స్ రాలేదు, టైం కావాలి. ఈలోగా ఏ జడ్జి ఏ కేసులు వినాలో చెప్పే రోస్టర్ మారింది, ఫైలు ఇంకో హాలుకు పోయింది, అక్కడ మళ్లీ అదే పాట.

ఆ లాయరు మీద నాకు కోపం లేదని చెప్పాలి. ఒకసారి క్యాంటీన్లో నా ఎదురుగా కూర్చుని, "అక్కా, నేను మెయిల్ మీద మెయిల్ వెడుతున్న, ఒక్కదానికి జవాబ్ లేదు. నన్నేం జేయమంటవ్? నా జేబులకెళ్లి జవాబ్ తియ్యాల్నా?" అన్నాడు. చిన్నవాడు, నిజమే చెప్పాడు. ప్రభుత్వ లాయరును శత్రువుగా చూడకండి. ఒక్కోసారి ఆ ఆఫీసు మీకు జవాబివ్వనట్టే అతనికీ ఇవ్వదు. నా కోపమంతా ఆ ఆఫీసు మీదే. సామాన్యుడు జవాబు ఇవ్వకపోతే ఎక్స్-పార్టీ అని, అతని మాట వినకుండానే తీర్పిచ్చి ఇంటికి పంపుతారు. ప్రభుత్వం జవాబు ఇవ్వకపోతే ఇంకో వాయిదా ఇస్తారు. ఇది సిగ్గుచేటు. కోర్టు హాల్లో ఉన్నన్నాళ్లూ మర్యాదగా చెప్పాను, ఇప్పుడు మర్యాద లేకుండా చెబుతున్నాను.

వానలు మొదలయ్యాయి.

టార్పాలిన్ కప్పిన నేరం

పాత ఊరి ఇళ్లవి రాయీ మట్టీ కలిపి కట్టిన గోడలు. పైన కప్పున్నంతకాలం తరాలు నిలబడతాయి. నెత్తిన వాన పడితే లోపలి మట్టి కరిగిపోతుంది. గిర్ని మోటారుకు యాదమ్మ తన పాత చీరలన్నీ చుట్టింది. ఒక పెద్దవాన కొట్టిన మర్నాడు ఉప్పల్ రింగ్ రోడ్డులో టార్పాలిన్ కొనుక్కొచ్చి, నాలుగు కట్టెలు పాతి, కప్పేసింది. నాకు చెప్పలేదు. చెబితే ఆగమంటానని తెలుసు.

అప్పుడు చూడాలి శాఖ వారి చురుకు. తమ లాయరుకు ఒక్క మెయిల్ రాయలేనివాళ్లు, వెంటనే ఫోటోలు తీయించారు. కోర్టు ఆర్డరును ధిక్కరించిందని యాదమ్మ మీద కంటెంప్ట్ కేసు వేశారు. స్టేటస్ కో ఉండగా ఇంటి 'స్వరూపాన్ని మార్చింది' అట.

యాదమ్మ కోర్టుకొచ్చి నిలబడింది. జడ్జి గారు తెలుగులోనే అడిగారు.

"ఏమమ్మా, ఉన్నది ఉన్నట్టు ఉంచమంటే ఎందుకు కప్పావు?"

"ఉన్నది ఉన్నట్టే ఉంచిన సార్. మీదికెళ్లి వానే ఉన్నట్టు ఉంటలేదు."

హాల్లో ఎవరో నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు. శాఖ లాయరు వైపు తిరిగి, "ఇంటి మీద కప్పు లేదని ఈమె పిటిషన్ వేస్తే ఇన్నాళ్లూ ఎందుకు జవాబివ్వలేదు?" అని అడిగారు. "ఇన్‌స్ట్రక్షన్స్..." అని అతను మొదలుపెట్టాడు. ఆయన పెన్ను బల్ల మీద పెట్టేసి, కంటెంప్ట్ కొట్టేసి, టార్పాలిన్ ఉండనివ్వాలని ఆర్డరు రాయించారు. వచ్చే వాయిదాకి కౌంటర్, అంటే శాఖ రాతజవాబు, రాకపోతే ఎస్టేట్ ఆఫీసర్ స్వయంగా వచ్చి నిలబడాలన్నారు. ఆ ఒక్క మాటతో ఇన్నాళ్లూ దొరకని ఇన్‌స్ట్రక్షన్స్ అన్నీ ఒక్కసారిగా దొరికాయి.

ఆర్డరులో లేనిది కౌంటర్లో

లావుపాటి కౌంటర్ వచ్చింది. డిపో భద్రతకు ఆ ఇల్లు ప్రమాదమట. దాని కింద నుంచి మురుగు లైను వేయాలట. గిర్ని శబ్దం సిబ్బందికి ఇబ్బందట. వీటిలో ఒక్కటీ ఖాళీ చేయించిన ఆర్డరులో లేదు. ఆర్డరు మొత్తం రెండు వాక్యాలు: జవాబు పరిశీలించడమైనది, సంతృప్తికరంగా లేదు.

చిన్నవాళ్లు ఇక్కడే దారి తప్పుతారు. కౌంటర్లోని ప్రతి అబద్ధానికీ జవాబు రాస్తూ కూర్చుంటారు. మురుగు లైను అవసరం లేదని ఇంజనీరులా వాదిస్తారు. అది వాళ్లు తవ్విన గొయ్యి, అందులో దిగకండి. ఆర్డరు ఇచ్చిన రోజున ఆఫీసరు కాయితం మీద ఏ కారణం రాశాడో దానితోనే ఆ ఆర్డరు నిలబడాలి. తర్వాత లాయరు వండి వడ్డించిన కారణాలు చెల్లవు. నేను రెండే చూపించాను. ఒకటి ఆ రెండు వాక్యాల ఆర్డరు. రెండోది సర్వే అడిగిన నా జవాబు మీద వాళ్ల ముద్ర. అడిగిన సర్వే ఎందుకు చేయించలేదన్న జడ్జి ప్రశ్నకు శాఖ లాయరు ఫైలు అటూ ఇటూ తిరగేశాడు. సర్వేకు ఆర్డరయింది.

కొలిచారు. యాదమ్మ ఇల్లు శాఖ హద్దుకు పూర్తిగా బయట ఉంది. వాళ్లకు ఆ జాగా మీద ఎప్పుడూ ఏ హక్కూ లేదు. జడ్జి గారు ఖాళీ చేయించే ఆర్డరును కొట్టేశారు.

కానీ టార్పాలిన్ పడేసరికే గోడలు నాని ఉన్నాయి. సర్వే జరిగే లోపల ముందు గోడ పడింది, తర్వాత పక్కగోడ దాన్ని అనుసరించింది. గిర్నిని ఎవరి షెడ్డులోనో పెట్టి, యాదమ్మా మల్లేశం బోడుప్పల్‌లో చుట్టాల ఇంట్లో ఒక గదిలో సర్దుకున్నారు. తీర్పు చెప్పడానికి నేను అక్కడికే వెళ్లాను.

"గెలిచినమా మేడం?"

"గెలిచాం. నీ ఇంటిని ఎవరూ ముట్టుకోకూడదని రాశారు."

"ముట్టుకోనీకి ఏమున్నది మేడం?" అంది.

బయటికొచ్చి ఆటో ఎక్కి ఏడ్చాను. మీకూ ఏడుపొస్తుంది, రానివ్వండి. ఏడవని లాయర్లను చాలామందిని చూశాను, వాళ్లు అంత గొప్పగా ఏమీ వాదించలేదు.

మళ్లీ అదే మాట

శాఖ ఊరుకోలేదు. హద్దుకు బయట ఉన్న జాగా కోసం, పడిపోయిన ఇంటి కోసం, ఇద్దరు జడ్జీల బెంచి ముందు అప్పీలు వేసింది. నష్టం మనది కాకపోతే ఎంతదూరమైనా పోవచ్చు కదా. ఆ ఆఫీసరు అప్పటికే బదిలీ అయిపోయాడు. కొత్తగా వచ్చినాయనకు యాదమ్మ ఎవరో కూడా తెలియదు. తీర్పు వస్తే అప్పీలుకు వెళ్లడం అక్కడి అలవాటు, అంతే.

అప్పీలు తేలేదాకా ఒక్క ఇటుక కూడా పెట్టొద్దని యాదమ్మకు గట్టిగా చెప్పాను. ఈసారి పెద్ద లాయరు వద్దని మల్లేశమే అన్నాడు.

అప్పీలు విచారణకొచ్చిన పొద్దున శాఖ తరఫున ఢిల్లీ స్థాయి లాయరొకాయన వచ్చాడు. మహా మర్యాదస్తుడు. "మిలార్డ్స్, మేం పెద్దగా ఏమీ అడగడం లేదు. అప్పీలు తేలేవరకు స్టేటస్ కో ఇస్తే చాలు" అన్నాడు. పెద్ద జడ్జి గారు నా వైపు చూశారు. "దీనికి మీకు అభ్యంతరం ఉండదనుకుంటా?"

"ఉంది మిలార్డ్!" అన్నాను. హాలంతా తిరిగి చూసింది.

"గొంతు తగ్గించండి మేడం."

తగ్గించాను. కూర్చోలేదు. మొదటి స్టేటస్ కో నాడు కప్పు పోయిందని, ఆ మాట వల్లే గోడలు పోయాయని, ఇప్పుడు మళ్లీ అదే మాట రాస్తే ఖాళీ జాగాను ఖాళీగా ఉంచమని రాసినట్టని చెప్పాను. సర్వే రిపోర్టు చేతికిచ్చాను. గెలిచినవాళ్లు బయట ఉండి, ఓడినవాళ్లు గోడ లోపల నుంచి చూస్తూ ఉండటం ఏ రకం యథాతథ స్థితి అని అడిగాను. ఢిల్లీ లాయరు ఏదో అనబోయాడు. జడ్జి గారు చెయ్యెత్తి ఆపి, నా వైపు తిరిగి, "మీకేం కావాలో మీ మాటల్లో చెప్పండి" అన్నారు.

చెప్పాను. యాదమ్మ తన జాగాలో గోడలు కట్టుకోవచ్చు, కప్పు వేసుకోవచ్చు, గిర్ని నడుపుకోవచ్చు, శాఖ అడ్డు రాకూడదు, రేకులు తిరిగి ఇచ్చేయాలి. ఒక్క లాటిన్ మాట లేకుండా జడ్జి గారు అదే రాయించారు.

వరండాలోంచి యాదమ్మకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఏమైందోనని కోటు కూడా విప్పకుండా ఆటో ఎక్కి నాచారం వెళ్లాను.

సందు మలుపు తిరగగానే ఆగిపోయాను. ముందు గోడ నడుమెత్తు లేచి ఉంది. మేస్త్రీ ఒకడు ఇటుకలు పేరుస్తున్నాడు. మల్లేశం సిమెంటు కలుపుతున్నాడు. యాదమ్మ చీర ఎగదోపుకుని ఇటుకలు అందిస్తోంది. అంత గోడ లేచిందంటే పొద్దున్నే, కోర్టు మొదలుకాకముందే మొదలుపెట్టారన్నమాట.

"ఆగమన్నాను కదా యాదమ్మా! ఆర్డరు రాకముందే ఎట్లా మొదలుపెట్టావు?"

ఆమె చెయ్యి ఆపలేదు. "ఆగిన మేడం. శానా దినాలు ఆగిన. మీరు పెద్దకోర్టుల ఏం మాట్లాడుకుంటరో నాకేం ఎరుక? పొద్దుగాల లేశి మొగులు సూశిన. మబ్బు వట్టింది. ఇగ మొదలువెట్టిన."

పైకి చూశాను. నిజమే, కీసర వైపు నుంచి నల్లగా కమ్ముకొస్తోంది. మేస్త్రీ నా నల్లకోటు చూసి బెదిరిపోయి, తాపీ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపేశాడు.

"ఆగకు. కానియ్యి" అన్నాను.